రెండిండ్ల జొన్నలు, ఒక పాతర

కృపమణి రెండో మనువు చేసుకుని కమలాపురం పక్క పల్లెకు వచ్చిన దినం, ఆమె కంటే ముందు ఆమె ఇంటి దూలం ఊర్లోకి వచ్చింది. మొదటి బండి నిండా దూలం, దంతెలు, తలుపు చెక్కలు. రెండో బండిలో ఇసుర్రాయి, రోకలి, ఉట్టి, కుండలు, నులక మంచం, ఆ మంచం కోడు పట్టుకుని కూతురు వరమ్మ. మూడో బండిలో జొన్నల గోతాలు. కృపమణి ఏ బండీ ఎక్కలేదు. మూడో బండి పక్కనే, గోతాం మీద చెయ్యేసి నడిచి వచ్చింది. గండికోట కిందుండే వాళ్ల పల్లె నుంచి ఇంత దూరమూ ఆ చెయ్యి తియ్యలేదని బండి తోలిన నరసన్న వీధిలో చెప్పి అందరినీ నవ్వించినాడు.

"ఆ యమ్మ మొగుని కోసం వచ్చిందో, జొన్నల్ని సాగనంపేకి వచ్చిందో నాకైతే తెలీలేదప్పా!"

నవ్వినోళ్లు ఎవరూ ఆమెను కరువులో చూసినోళ్లు కాదు. జర్మనీ యుద్ధం ముగిసిన కాలంలో వచ్చిన కరువుకు కృపమణి, మొదటి మొగుడు దాసన్నతో, ఇద్దరు బిడ్డలతో రోడ్డు మీద కంకర కొట్టే పనికి పోయింది. గంజి పోసేచోట వరుసలో నిలబడి ఉండగానే చంకలోని పసివాడు చల్లబడినాడు. ఆమెకు తెలిసింది. తెలిసీ వరుస వదల్లేదు. వదిలితే వంతు పోతుంది, పక్కనే తన కొంగు నమలతా వరమ్మ ఉంది. గంజి పోయించుకుని, వరమ్మ చేత తాగించి, అప్పుడు చెట్టు కింద కూర్చుని ఏడ్చింది. ఆ పొద్దు నుంచి కృపమణికి ఈ లోకంలో ఒకటే పంతం. వరమ్మ మళ్లీ ఆ వరుసలో నిలబడకూడదు.

కొన్నేండ్లకు దాసన్న జ్వరంతో పోయినాడు. కృపమణి కలుపుకు పోయినా, కోతకు పోయినా కూలి గింజల్లోనే అడిగేది. తినేది మాత్రం కొర్రగంజీ, చేనిగట్ల మీద దొరికే ఆకూ. జొన్నలు పాతరలోకి పోయేవి. పాతరంటే ఇంటి ముందర గట్టి నేలలో పెద్ద కుండ మాదిరి తవ్వి, చుట్టూ చొప్ప పేర్చి, గింజలు నింపి, మూతి మీద బండ పెట్టి మట్టి మెత్తేది. ఎండిన గింజయితే లోపల ఏండ్ల తరబడి కదలకుండా ఉంటుంది. తడిగింజ పోయిందా, దాని చెమ్మకు లేచే వేడి, ఆ ఉమ్మ పక్కదానికి, పక్కదాని ఉమ్మ మొత్తానికి. అందుకే కృపమణి ప్రతి సారీ నాలుగు గింజలు పంటి కింద వేసుకుని కొరికేది. టక్కుమంటేనే లోపలికి. మెత్తగా నలిగితే మళ్లీ ఎండకు.

ఇట్లా ఉండగా దాసన్న అన్నదమ్ములు చేను మాదన్నారు. ఆడమనిషి ఒక్కతే ఎంతకాలం కొట్లాడుతుంది? ఆ సమయానికే ఉపదేశి దావీదురాజు అయ్యగారు బాలస్వామి సంబంధం మాట తెచ్చినాడు. కమలాపురం దాపున నల్లరేగడి చేను, భార్య జీవమ్మ చనిపోయి ఏడాది దాటింది, బిడ్డలు లేరు, ప్రార్థన గుడిలో సంఘపెద్ద.

బాలస్వామి చెడ్డోడు కాదు. ఈ మాట ముందే చెప్పాల. చూసేకి వచ్చినప్పుడు వరమ్మకు పంచెకొంగు నిండా చింతకాయలు తెచ్చినాడు. కృపమణి తల వంచుకుని ఒకటే అడిగింది.

"నా జొన్నలు నా బిడ్డవి. అవి మాత్రం మాతోనే రావాల."

"తెచ్చుకో. ఎవురు వద్దన్న్యారు?" అని నవ్వినాడు బాలస్వామి. "దూలం గూడా తెచ్చుకో. ఆడ చెదలు తినే బదులు నా ఎద్దుల కొట్టానికి పనికొస్తాది."

దూలం తీసేస్తే ఇల్లు ఇల్లు కాదని కృపమణికి తెలియదా? తెలుసు. అయినా నమ్మకం చూపించకపోతే మనువెందుకని తీయించింది. మట్టిగోడలు నాలుగు ఆకాశం కేసి చూస్తా మిగిలిపోయినాయి.

ఇక్కడికి వచ్చినాక సామాన్లు సర్దే పని బాలస్వామి అక్క ప్రేమమ్మ నెత్తినేసుకుంది. ఆమె ఎదురింట్లోనే కాపురం. పని చెప్పేవాళ్లు లేకపోయినా పనిలోకి దిగే మనిషి. నడుముకు కొంగు బిగించి గడపలో నిలబడింది.

"ఇసుర్రాయి ఈడ ఒకటుండాది. రెండెందుకు మే? మొగుడొక రాయి, పెండ్లామొక రాయి తిప్పుతారా?"

వీధిలో ఆడోళ్లు కిసుక్కున నవ్వినారు. కృపమణి కూడా నవ్వింది. కొత్తచోట నవ్వకపోతే ఎట్లా?

"దీని గాడి బాగుంటాది వదినా. పిండి మెత్తగొస్తాది."

"మా జీవమ్మ రాయిలోనూ పిండే వచ్చేది. మట్టి రాలేదు."

కృపమణి ఇసుర్రాయి కొట్టంలోకి పోయింది. ఉట్టి కొట్టంలోకి పోయింది. జీవమ్మ ఉట్టి ఉన్న కొక్కేనికే జీవమ్మ ఉట్టి ఉండిపోయింది. జీవమ్మ చేట, జీవమ్మ జల్లెడ, జీవమ్మ పీట ఎక్కడివక్కడే. పొయ్యి పక్కన గోడకు జీవమ్మ చేతి మసి మరక కూడా ఎవరూ తుడవలేదు. సాయంత్రానికి చూస్తే కృపమణి ఇంట్లోవి నడింట్లో మిగిలింది రోకలి ఒక్కటే, అది కూడా ప్రేమమ్మకు తన రోకలి విరిగి రెండు దినాలు అరువు కావాల్సి వచ్చింది కాబట్టి.

"అమ్మా, మన ఇల్లంతా ఎద్దుల దగ్గరుండాది," అనింది వరమ్మ.

"మనం ఈడుండాం గదా," అనింది కృపమణి. గోతాలు పంచలో పేర్చి ఉన్నాయి. వాటి మీదే పడుకునింది తల్లీబిడ్డా ఆ దినం.

ఆదివారం గుడిలో బాలస్వామి లేచి నిలబడి ఒక మాట ప్రకటించినాడు. దేవుడు రెండిండ్లను ఒకటి చేసినాడు కాబట్టి రెండిండ్ల పంటను ఒకే పాతరలో పోస్తామని, వచ్చే ఆదివారం ప్రార్థన అయినాక అందరూ మా ఇంటికి రావాలని. సంఘమంతా స్తోత్రం అనింది. ఆడోళ్ల వైపు చాపలో కూర్చున్న కృపమణికి ఈ సంగతి అప్పుడే, అందరితోపాటే తెలిసింది. పక్కన కూర్చున్న ఆయమ్మ భుజం తట్టి, "అదృష్టవంతురాలివి మే," అనింది.

ఆ వారంలోనే వాన పడింది. పడాల్సినప్పుడు పడని వాన, బాలస్వామి తెల్లజొన్న కళ్లంలో కుప్పగా ఉన్నప్పుడు వచ్చి పడింది. ఒక్క జామే. చొప్ప కప్పినారు, అయినా కింది పక్క నీళ్లు పారినాయి. శుక్రవారం, శనివారం కుప్ప విప్పి ఆరబోసినారు. మబ్బు వదల్లేదు. శనివారం సాయంత్రం బాలస్వామి గింజల్లో చెయ్యి పెట్టి చూసి, ఏమీ అనకుండా గోతాలకు ఎత్తించినాడు.

ఆదివారం మధ్యాహ్నం ఇంటి ముందర జనం. పాతర మూతి తెరిచి, లోపల కొత్తచొప్ప పేర్చి ఉంది. అయ్యగారు తెల్లచొక్కా వేసుకుని నిలబడినాడు. ప్రేమమ్మ అందరికీ బెల్లం నీళ్లు ఇస్తాంది. ముందు కృపమణి పచ్చజొన్న పోసినారు. గోతాం వెంట గోతాం, పసుప్పచ్చగా జారిపోతాంటే ఆడోళ్లు ముక్కున వేలేసుకున్యారు, ఒంటి ఆడది ఇన్ని గింజలు ఎట్లా కూడబెట్టిందా అని. తరవాత తెల్లజొన్న గోతాం మూతి విప్పినారు.

కృపమణి పోయి నాలుగు గింజలు తీసుకుని పంటి కింద వేసుకునింది. గింజ మెత్తగా నలిగింది. చప్పుడే లేదు. ఇంకో గోతాం. అదీ అంతే.

బాలస్వామి పక్కకు పోయి, పెదవులు కదలకుండా చెప్పింది.

"ఏమయ్యా, ఇవి ఇంగా ఎండలేదు. రెండెండలన్నా పడాల."

"ఇప్పుడా చెప్పేది? అయ్యగారు నిలబడుకోనుండాడు."

"ప్రార్థన చేసుకోనీ. పోసేది ఎల్లుండి పోస్తాం."

"ఊరంతా వచ్చి చూస్తాంటే ఉత్త పాతరకు ప్రార్థనా?"

"పోనీ ఇవి పోయొద్దు. నావి మూసేస్తాం. నీవి గాదెలో పోస్తాం."

ఆ మాట ఒకటి గట్టిగా వచ్చింది. ప్రేమమ్మ చెవిలో పడింది. ప్రేమమ్మ చెవిలో పడితే వీధి చెవిలో పడినట్టే.

"ఏందీ? నీవీ, నావీనా? ఈ గడప తొక్కి పది దినాలు గాలేదు, అప్పుడే వేరు పాతరా? మా జీవమ్మ ఈ ఇంట్లో ఇన్నేండ్లుండి ఒక్కనాడన్నా ఈ మాట అనిందా అడగండి!"

జనం గుసగుసలాడినారు. అయ్యగారు ఆకాశం చూసినాడు. బాలస్వామి ముఖం కందగడ్డ అయింది. ఆయన సంఘపెద్ద, తడిగింజ పాతరకు తెచ్చినాడని ఊరి ముందర తేలితే ఏం మిగులుతుంది? కృపమణి దగ్గరకు వచ్చి, ఈసారి శానా మెత్తగా, బతిమాలినట్టే అన్నాడు.

"ఈ ఒక్కసారి నా మానం కాపాడు. వానకు కింద రెండు గోతాలే తడిసినాయి, అవీ ఆరినాయి. ఒకవేళ చెడినాయా, నా గింజల వల్లే చెడినాయని నలుగురి ముందర నేనే చెప్తా. వరమ్మకు నేను కొని పెడతా. దేవుని తోడు."

దేవుని తోడన్నాడు. కృపమణి వరమ్మ కేసి చూసింది. ఆ పిల్ల పాతర అంచున కూర్చుని, లోపలికి జారిన పచ్చగింజల్ని చూసి నవ్వుకుంటాంది. ఇప్పుడు తాను అరిస్తే ఏమవుతుంది? గింజలు మిగులుతాయి. ఉండేదానికి ఇల్లు మిగలదు. ఇంటి దూలం ఎద్దుల కొట్టానికి ఎక్కింది.

కృపమణి పక్కకు తొలిగింది. తెల్లగింజలు పచ్చగింజల మీద పడినాయి. అయ్యగారు ప్రార్థన చేసినాడు. బండ పెట్టినారు, మట్టి మెత్తినారు.

ఆ తరవాత ఒక ఏడు బాగానే పండింది. గాదెలో గింజలుండగా పాతర జోలికి ఎవరూ పోరు గదా, పోలేదు. బాలస్వామి వరమ్మకు రైక గుడ్డ తెచ్చినాడు, అక్షరాలు దిద్దించినాడు. వరమ్మ ఆయన్ను చిన్నాయనా అని పిలిచేది, ఆయనకు అన్నం పట్టుకుని చేనికి పోయేది. కృపమణి మాత్రం వాకిలి ఊడ్చినప్పుడల్లా ఆ బండ దగ్గర వంగి వాసన చూసేది. ఏమీ తెలిసేది కాదు. మట్టి వాసనే.

మరుసటేడు వాన లేదు. ఆ మరుసటేడు విత్తనం నేలలోనే మాడింది. రేగడి చేన్లు కాలు దిగేంత బీటలిచ్చినాయి. గాదె అడుగు కనపడింది. వీధిలో ఒక్కొక్కరే మూట కట్టి కంకర పనికి పోతాంటే, ప్రేమమ్మ గర్వంగా అనేది, "మాకేమమ్మా, మా తమ్మునికి పాతరుండాది."

పాతర తెరిచే దినం కృపమణి తలకు పోసుకుని, ఉతికిన చీర కట్టుకునింది. మట్టి పగలగొట్టి బండ పక్కకు జరిపినారు. లోపలి గాలి పోయేదాకా ఎవరూ దగ్గరికి పోకూడదు. పోవాల్సిన పనే లేకపోయింది. ఆ కంపు వీధి చివరింటి దాకా కొట్టింది. కల్లు పులిసినట్టు, కుక్క చచ్చినట్టు.

తాడుకు దీపం కట్టి దించితే ఆరిపోయింది. ఎండ వాలేదాకా ఆగి మళ్లీ దించితే నిలిచింది. నరసన్న లోపలికి దిగినాడు. పారతో పొడిస్తే పార దిగలేదు. గింజలన్నీ కరుచుకుని అట్టలు కట్టినాయి. తట్టలో పైకి వచ్చింది చూస్తే నలుపు. కృపమణి తట్ట ముందర కూర్చుని ఆ గడ్డల్ని చేత్తో చిదిమింది. ఏది తెలుపో, ఏది పచ్చో తెలిస్తే గదా? ఆ ఇంట్లో ఆమె సొత్తూ ఆయన సొత్తూ నిజంగా ఒకటైంది అది ఒక్కటే.

అడుగుదాకా తవ్వినారు. అడుగున ఉన్నవి ఆమె గింజలే. అవీ నల్లబడి, చేతిలో బూడిద మాదిరి రాలిపోయినాయి. ఎద్దుకు పెడితే ఎద్దు మూతి తిప్పుకునింది.

ఊరు చేరింది. అందరూ బాలస్వామి కేసి చూస్తాండారు. కృపమణి కూడా చూసింది. ఇంక చెప్తాడు అనుకునింది. దేవుని తోడన్నాడు గదా.

బాలస్వామి పాతర కేసి చూసినాడు, జనం కేసి చూసినాడు, అక్క కేసి చూసినాడు. గొంతు సవరించుకున్యాడు.

"పాతగింజలప్పా. ఎన్నేండ్లవో ఏమో. పురుగుండేది వాటిలో. కింద అవి కదా పోసింది, ఉమ్మ పైకెక్కింది."

జనం కృపమణి కేసి తిరిగినారు. తరవాత ప్రేమమ్మ ఎత్తుకునింది.

"నేను అప్పుడే అనుకున్న్యా! ఆ పొద్దు బండి పక్కన చెయ్యేసుకోని నడిచొస్తే, ఏం బంగారం తెచ్చిందో అనుకున్న్యారు అందరూ. పురుగుల్ని తెచ్చింది తల్లీ, పురుగుల్ని! మా తమ్మునిల్లు కూల్చేకి తెచ్చింది!"

"ఏమయ్యా?" అనింది కృపమణి.

ఆయన లేచి ఇంట్లోకి పోయినాడు.

ఆ దినం నుంచి ఆమెకు ఊర్లో పురుగుల కృపమణి అని పేరు పడింది. ఆమె అబద్ధమని చెప్పకపోలేదు. బావి దగ్గర చెప్పింది, గుడి మెట్ల మీద చెప్పింది. అయ్యగారి దగ్గరికి కూడా పోయి, "ఆ పొద్దు మీరు ఆడనే ఉండారు గదా అయ్యా, నేను వద్దన్న్యా గదా," అనింది. అయ్యగారు శానాసేపు గడ్డం గోక్కున్యాడు.

"ఏదో మాట్లాడుకున్యారు గానీ, నాకు స్పష్టంగా వినపడలేదమ్మా. భార్యాభర్తల మధ్య సంగతి. క్షమించుకోండి."

కృపమణి చెప్పకుండా ఒకదినం గండికోట కిందుండే తన పల్లె దాకా నడిచి పోయింది. నాలుగు గోడల్లో రెండు వానకు జారినాయి, మిగిలిన రెంటి నడుమ ఎవరో మేకల్ని కట్టేసుకున్యారు. అక్కడ నిలబడి ఏం చేస్తుంది? తిరిగి వచ్చింది.

వారానికి ముగ్గురూ కంకర పనికి పోయినారు. అవే తట్టలు, అదే సుత్తి, అదే దుమ్ము. గంజి వరుస కూడా అదే. ఆడపిల్లల వరుస వేరే పెట్టినారు. కృపమణి దూరాన రాళ్లగుట్ట మీద కూర్చుని చూస్తాంది. వరమ్మ కాళ్లు పుల్లల మాదిరి ఉన్నాయి, చేతిలో ముంత. ముందరున్న పిల్ల తూలి పడితే, వరమ్మ ఆ పిల్లను పక్కకు జరిపి ముందుకు పోయింది. వంతు పోనియ్యలేదు. అది చూసి కృపమణి సుత్తి వదిలేసి మొహం కప్పుకునింది. బిడ్డకు తాను ఏం నేర్పకూడదనుకునిందో అది ఎవరూ నేర్పకుండానే వచ్చేసింది.

సాయంత్రం బాలస్వామి ఆమె పక్కన చతికిలబడినాడు. మనిషి సగమైనాడు.

"గింజలు నావే తడివి," అన్నాడు నేల చూస్తా. "నాకు తెలుసు."

"నాకు చెప్తావేమయ్యా? నాకు తెలీదా? చెప్తానన్న్యది నలుగురికి."

"ఈ కరువులో ఎవురికి కావాల ఆ మాట?"

"నాకు కావాల."

ఆయన తన ముంతలో మిగిలిన గంజి ఆమె ముంతలో పోసి పోయినాడు. ఆమె దాన్ని వరమ్మకు ఇచ్చింది.

వానలు వచ్చినాయి, చేను పండింది. చచ్చినోళ్లు చావగా మిగిలినోళ్లు ఇండ్లకు చేరుకున్యారు. బాలస్వామి ఈసారి కళ్లంలో గింజల్ని తిప్పి తిప్పి ఎండబెట్టినాడు. కృపమణి కూలి గింజలు వేరే చాప మీద ఎండబెట్టింది, వేరే గోతానికి ఎత్తింది. ఒకదినం ఎద్దుల కొట్టం పక్కన గడ్డపార తీసుకుని తవ్వడం మొదలుపెట్టింది. వరమ్మ మట్టి ఎత్తిపోస్తాంది.

కాసేపు అరుగు మీద నుంచి చూసి బాలస్వామి కూడా వచ్చినాడు. ఆమె చేతిలో గడ్డపార తీసుకుని, ఆమె వద్దనకపోతే లోపలికి దిగి తవ్వినాడు. చక్కగా తవ్వినాడు, కడుపు వెడల్పుగా, మూతి ఇరుకుగా. చొప్ప పేర్చినాడు. కృపమణి తన గింజలు పోసింది. బాలస్వామి ఇంట్లోకి పోయి తట్ట నిండా తన తెల్లజొన్న తెచ్చినాడు. కొత్తగింజ, ఎండిన గింజ. మూతి దగ్గర వంగినాడు.

కృపమణి ఆ మూతికి అడ్డంగా కూర్చునింది.

"ఇది నాది."

"ఎండినాయి గదా. కొరికి చూడు."

"నేను కొరకను. ఇది నాది."

తట్ట చేతుల్లో బరువుగా పట్టుకుని ఆయన అట్లనే నిలబడినాడు. ఎదురింటి గడపలోకి ప్రేమమ్మ వచ్చింది. దావలో పోతాండిన వీధి చివరింటి ఈరక్క నెత్తిన కడవతోనే ఆగిపోయింది. ఈరక్క ఆగితే అడక్కుండా పోదు.

"ఏందప్పా బాలస్వామీ, ఇంటికి రెండు పాతర్లు?"

బాలస్వామి భుజం మీది గుడ్డతో మొహం తుడుచుకున్యాడు. చెప్పేదానికి ఇంతకంటే మంచి సమయం ఆయనకు దేవుడు కూడా ఇయ్యలేడు. కృపమణి తల ఎత్తి ఆయన నోటి కేసి చూసింది.

"ఏం చెప్పేది ఈరక్కా," అని నవ్వినాడు. "కరువులో మనిషి బెదిరిపోయింది. మతి నిలకడగా లేదు. పోనీలే పాపం అని నేనే తవ్విచ్చినా."

"నీ ఓర్పు ఎవురికొస్తాదప్పా! దేవుడు చల్లగా చూడాల నిన్ను," అని ఈరక్క కడవ సర్దుకుని పోయింది. ప్రేమమ్మ లోపలికి పోయి తలుపు వేసుకునింది. బాలస్వామి తట్ట ఎత్తుకుని పెద్దపాతర వైపు పోయినాడు.

వరమ్మ చేతిలోని మట్టితట్ట కింద పడేసింది.

"ఎందుకమ్మా ఊరుకున్న్యావు? చెప్పు, నువ్వు చెప్పకపోతే నేను చెప్తా. ఈరక్కను పిలుస్తా."

కృపమణి బండ జరిపి మూతి మీద పెట్టింది. తడిమట్టి ముద్ద తీసుకుని అంచు వెంబడి అదమడం మొదలుపెట్టింది.

"మాట్లాడతా కూర్చుంటే మట్టి ఆరిపోతాది. పోయి ఇంగో చెంబు నీళ్లు తే."